భోజనం ముందు వేసే ఇన్సులిన్: అపోహలు – వాస్తవాలు

టైప్-1 డయాబెటిస్ అని తేలిన పిల్లలు ఐసీయూ నుంచి వార్డుకు వచ్చాక తల్లిదండ్రులను కూర్చోబెట్టి రెండు ఇన్సులిన్ పెన్నులు (పెన్ను ఆకారంలో ఉండే సూది పరికరాలు) చూపిస్తాను. ఒకటి రోజంతా పనిచేసే ఇన్సులిన్. దాని గురించి ఎవరూ పెద్దగా అడగరు. రెండోది, ప్రతి భోజనం ముందూ వేయాల్సినది, చేతికి ఇవ్వగానే తల్లి ముఖం వాడిపోతుంది. “పూటపూటకూ సూదా? అంత ముదిరిపోయిందా డాక్టర్ గారూ?”

అపోహ: పూటపూటకూ సూది అంటే జబ్బు ముదిరినట్టే.

కాదమ్మా. ఆరోగ్యంగా ఉన్నవారి క్లోమం కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. రేయింబవళ్లు కొద్దికొద్దిగా ఇన్సులిన్ వదులుతుంది, అన్నం లోపలికి వెళ్లగానే మరికొంత వదులుతుంది. టైప్-1లో ఇన్సులిన్ తయారుచేసే కణాలను రోగనిరోధక వ్యవస్థే దెబ్బతీస్తుంది కాబట్టి ఆ రెండు పనులూ మనం చేయాలి. చాక్లెట్లు ఎక్కువ పెట్టడం వల్ల వచ్చిందని కుమిలిపోయే తల్లులు చాలామంది. ఈ జబ్బు అలా రాదు.

అపోహ: తినే ముందు వేసినా, తిన్న గంటకు వేసినా ఒకటే.

1922లో మనిషికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చిన తర్వాత చాలా దశాబ్దాల పాటు భోజనానికి అరగంట ముందు వేసే రెగ్యులర్ ఇన్సులినే దిక్కు. 1996లో లిస్‌ప్రో, ఆ తర్వాత ఆస్పార్ట్, గ్లులిసిన్ అనే త్వరగా పనిచేసే ఇన్సులిన్లు వచ్చాయి. ఇవి 10–15 నిమిషాల్లో పని మొదలుపెడతాయి, సుమారు గంట నుంచి రెండు గంటల మధ్య జోరుమీద ఉంటాయి, 3–5 గంటల్లో తగ్గుతాయి. అన్నం, ఇడ్లీ షుగర్‌ను త్వరగా పెంచుతాయి కాబట్టి 10–15 నిమిషాల ముందు వేస్తేనే రెండూ కలిసి నడుస్తాయి. ఎంత తింటాడో తెలియని రెండేళ్ల పిల్లవాడి సంగతి వేరు. అలాంటప్పుడు తిన్న వెంటనే వేయమని మేమే చెబుతాం. భోజనం ముందు పరీక్షలో షుగర్ 70 కంటే తక్కువ ఉంటే మాత్రం ముందు దాన్ని సరిచేయాలి, తర్వాతే సూది.

అపోహ: షుగర్ దిగకపోతే ఇంకో మోతాదు వేసేయాలి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. ఒక ఇంట్లో రాత్రి ఎనిమిదికి బాబుకు 6 యూనిట్లు వేసి అన్నం పెట్టారు. తొమ్మిదిన్నరకు చూస్తే 290. కంగారుపడి తండ్రి మరో 4 వేశారు. పదకొండున్నరకు బాబు దిండు చెమటతో తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి, షుగర్ 48. తొమ్మిదిన్నరకు మొదటి మోతాదు ఇంకా ఒంట్లో పనిచేస్తూనే ఉంది. దాని మీద మరొకటి పడింది. అదృష్టం కొద్దీ తల్లికి మెలకువ వచ్చింది. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్ష చేశారు. పిల్లవాడు స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒక మోతాదుకు, పెరిగిన షుగర్‌ను దించడానికి వేసే దిద్దుబాటు మోతాదుకు మధ్య కనీసం మూడు నాలుగు గంటలు ఆగండి. ఎంత వేయాలో మీ డాక్టర్ రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపు మీద అతికించుకోండి.

అపోహ: ఏ సిరంజి అయినా యూనిట్లు యూనిట్లే.

మన దేశంలో సీసాలో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నులో, దాని లోపల పెట్టే మందు గొట్టం (కార్ట్రిడ్జ్)లో ఉండేది మిల్లీలీటరుకు 100 యూనిట్లు. దానికి తగిన సిరంజి మూత నారింజ రంగు. పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 4 గీతల వరకు లాగితే, ఒంట్లోకి వెళ్లేది 4 కాదు, 10 యూనిట్లు. మందుల దుకాణంలోనే సీసా మీది అంకె, మూత రంగు సరిచూసుకోండి.

అపోహ: కాకరకాయ రసంతో మోతాదు తగ్గింది, ఇక సూది మానేయవచ్చు.

మొదలుపెట్టిన కొన్ని వారాల్లో చాలామంది పిల్లలకు మోతాదు నిజంగానే తగ్గుతుంది. మిగిలి ఉన్న కణాలు కాస్త తేరుకుంటాయి. దీన్ని హనీమూన్ దశ అంటాం. ఇది కొన్ని నెలలు ఉండవచ్చు, తర్వాత అవసరం మళ్లీ పెరుగుతుంది. సరిగ్గా ఈ సమయంలోనే ఎవరో బంధువు పసరు వైద్యం గురించి చెబుతారు. షుగర్లు బాగుంటాయి, పేరు పసరుకు వస్తుంది, సూది ఆగిపోతుంది. ఆ తర్వాత వాంతులు, ఆయాసం, కడుపునొప్పితో రక్తంలో కీటోన్లు (ఇన్సులిన్ లేనప్పుడు ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) పేరుకుని మళ్లీ ఐసీయూకే వస్తారు. దయచేసి ఈ ప్రయోగం చేయకండి. మోతాదు తగ్గించడం మేం చూసుకుంటాం, పూర్తిగా మానడం అన్న మాటే లేదు.

జ్వరం వచ్చి తినకపోయినా అంతే. రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఆపకూడదు, కీటోన్ల పరీక్ష చేసి చూసి మాకు ఫోన్ చేయండి.

చివరగా బడి. మధ్యాహ్నం సూది ఎవరు వేస్తారన్న భయంతో ఆ పూట వదిలేసే ఇళ్లు ఉన్నాయి. డిశ్చార్జ్ రోజునే టీచర్ కోసం ఒక ఉత్తరం రాసిస్తాను: ఎన్ని గంటలకు, ఎక్కడ కూర్చుని వేసుకోవాలి, వణుకు వస్తే ఏం ఇవ్వాలి. మీ డాక్టర్‌ను కూడా అడిగి రాయించుకోండి. పుస్తకాల సంచి ముందు జేబులో ఒక గ్లూకోజ్ పొట్లం పెట్టండి, అది అక్కడ ఉందని పక్క బెంచీ స్నేహితుడికి కూడా చెప్పండి.