దండం బొమ్మ నంబరు 128591

విశాఖ ఎంవీపీ కాలనీలో ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు తెరిచినా చేతులు జోడించిన బొమ్మ తగలకుండా ఉండదు. 'నీళ్ల ట్యాంకర్ వచ్చింది' అన్న వాచ్‌మన్ మెసేజ్ కింద పెడితే అది థాంక్స్. మెయింటెనెన్స్ కట్టని ఫ్లాట్ల నంబర్లు వేసి చివర్లో సెక్రటరీగారు పెట్టేది సగం బతిమాలడం, సగం బెదిరింపు. మూడో అంతస్తు మామ్మగారు పోయారన్న కబురు కింద వరసగా వచ్చిపడేవి నివాళులు. పార్కింగ్ గొడవ ముదిరి, అప్పటిదాకా వాదించిన పెద్దాయన ఒకే ఒక్క దండం పెట్టి మాయమైతే దాన్ని 'నీకో దండంరా నాయనా' అని చదువుకోవాలని ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఫోనుకి ఇవేవీ తెలియవు. దానికి తెలిసింది 128591 అనే అంకె ఒక్కటే. ప్రపంచంలోని లిపులను ఒకే పట్టికలోకి చేర్చిన యూనికోడ్‌లో ఆ బొమ్మ వరస సంఖ్య అది. మన 'అ' 3077, 'క' 3093. మనం పంపేది నిజానికి బొమ్మ కాదు, ఈ నంబరు. అవతలి ఫోను దాన్ని చూసి, తనలో ముందే పెట్టి ఉన్న బొమ్మ ఒకటి తీసి తెర మీద వేస్తుంది. అంటే నంబరు ఇచ్చేవాళ్లు ఒకరు, బొమ్మ గీసేవాళ్లు ఇంకొకరు, అర్థం చెప్పుకునేది మనం. ఎమోజీల తగాదాలు, తమాషాలు చాలావరకు ఈ ముగ్గురి మధ్యే పుట్టాయి.

నవ్వు ముఖానికి పాత చుట్టరికాలు ఉన్నాయి. 1963లో అమెరికాలో హార్వీ బాల్ అనే చిత్రకారుడు ఒక బీమా కంపెనీ ఉద్యోగుల హుషారు కోసం పసుపు గుండ్రంలో నవ్వు గీసి 45 డాలర్లు పుచ్చుకున్నాడు. హక్కులు మాత్రం రాయించుకోలేదు, పాపం. 1982 సెప్టెంబరు 19న కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో స్కాట్ ఫాల్మన్, కంప్యూటర్ సందేశాల్లో ఏది జోకో తెలిసేలా కోలన్, అడ్డగీత, బ్రాకెట్ పక్కపక్కన పెడదామన్నాడు. ఇవి చుట్టాలే గానీ కన్నవాళ్లు కాదు. ఎమోజీ పుట్టిల్లు జపాన్.

అక్కడి ఎన్‌టీటీ డొకొమో కంపెనీ పేజర్లలో గుండె గుర్తు ఒకటి ఉండేది. ఆఫీసు పనులకు పనికొచ్చేలా కొత్త పేజర్ తెచ్చినప్పుడు ఆ గుర్తు తీసేశారు. కుర్రకారు వేరే కంపెనీకి వెళ్లిపోయారు. ఆ దెబ్బ గుర్తుండబట్టే, 1999 ఫిబ్రవరిలో ఐ-మోడ్ అనే మొబైల్ ఇంటర్నెట్ సేవ మొదలయ్యేనాటికి ఆ కంపెనీ ఉద్యోగి షిగెతకా కురితా 176 బొమ్మలు సిద్ధం చేశాడు. ఒక్కో బొమ్మకు అడ్డంగా 12, నిలువుగా 12, మొత్తం 144 చుక్కలు. అంత చిన్న గళ్లలో గొడుగు గొడుగులా కనపడాలి. వాతావరణ వార్తల్లోని సూర్యుడు, మాంగా అనే జపాన్ బొమ్మల కథల్లోని చెమట చుక్క, వీధి బోర్డుల గుర్తులు అతనికి ముడిసరుకు. ఆ 176లో ముఖాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. మిగతావి వాన, రైలు, పార్కింగ్, టికెట్, బీరు. అంటే మొదట్లో ఎమోజీ పని భావాలు ఒలకబోయడం కన్నా చిన్న తెర మీద చోటు మిగల్చడమే. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 2016లో ఈ 176నూ తన సేకరణలో చేర్చుకుంది. ఎమోజీ ఆద్యుడు కురితాయే అని చాలామంది రాసేస్తారు గానీ, అది పూర్తి నిజం కాదు. 1997లోనే జె-ఫోన్ అనే మరో కంపెనీ 90 నలుపు తెలుపు బొమ్మలతో ఒక ఫోను తెచ్చింది. ఆ ఫోను అంతగా అమ్ముడుపోలేదు, అంతే.

చిక్కల్లా జపాన్‌లో ఒక్కో ఫోన్ కంపెనీ తన బొమ్మలకు తన ఇష్టమొచ్చిన నంబర్లు ఇచ్చుకోవడంతో వచ్చింది. ఒక నెట్‌వర్క్ నుంచి గుండె పంపితే ఇంకో నెట్‌వర్క్‌లో ఏదో పిచ్చి గుర్తు. గూగుల్, యాపిల్ ఇంజనీర్లు యూనికోడ్ పట్టికను నడిపే సంస్థ దగ్గరికి వెళ్లారు. 2010 అక్టోబరులో వచ్చిన 6.0 కూర్పులో 700 పైచిలుకు బొమ్మలకు ఉమ్మడి నంబర్లు ఖాయమయ్యాయి. అదే ఏడాది జులైలో మన ప్రభుత్వం ప్రకటించిన రూపాయి గుర్తు కూడా అదే కూర్పులో చేరింది.

అప్పటి నియమం ఒక్కటే: జపాన్ ఫోన్లలో ఏది ఉంటే అది రావాలి. అందుకే ఫుజీ కొండ ఉంది, టోక్యో టవర్ ఉంది. మన కైలాసగిరి లేదు. ఆ తర్వాత ఫలానా కట్టడం, ఫలానా మనిషి, ఫలానా దేవుడు అంటూ వచ్చే ప్రతిపాదనలను యూనికోడ్ తీసుకోవడం మానేసింది కాబట్టి మన డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. రొయ్యల సంగతి ఇంకా తమాషా. పిండిలో ముంచి వేయించిన జపాన్ రొయ్య 2010లోనే వచ్చింది; పచ్చి రొయ్యకు 2016 దాకా నంబరు దొరకలేదు. ఫిషింగ్ హార్బర్‌లో ఎవరికైనా చెబితే నవ్వుతారు. మామిడిపండు 2018లో, చీర, ఆటో, ప్రమిద, గుడి 2019లో వచ్చాయి. ఆర్కే బీచ్‌లో సూర్యోదయం ఫొటో తీసి మనం తగిలించే కెరటం చాలా ఫోన్లలో బంగాళాఖాతం కెరటం కాదు. 1831 ప్రాంతంలో జపాన్ చిత్రకారుడు హొకుసాయి గీయగా చెక్క మీద చెక్కి అచ్చువేసిన కెరటం పోలికే అది.

ఎమోజీ లోపలి అమరిక తెలుగు రాసేవాళ్లకి కొత్తగా అనిపించదు. 'క్ష' అన్నది తెర మీద ఒక్క అక్షరం. ఫోను లోపల మూడు నంబర్లు: క, పొల్లు, ష. పొల్లు 3149 వచ్చిందంటే తరవాతి హల్లును కిందికి దించి ఒత్తుగా రాయమని ఫోనుకి అర్థం. ఎమోజీల్లో ఈ పని చేసేది 8205 నంబరు. దాని రూపం ఏమీ ఉండదు, వెడల్పు కూడా సున్నా. ముందూ వెనకా ఉన్నవాటిని కలపడమే దాని ఉద్యోగం. ఎలుగుబంటి, 8205, మంచుపలుక వరసగా పెడితే ధ్రువపు ఎలుగుబంటి. ఆడమనిషి, 8205, రాకెట్ పెడితే మహిళా వ్యోమగామి. ఎర్ర గుండెకు మంట కలిపితే తగలబడుతున్న గుండె. అమ్మా నాన్నా పిల్లలున్న కుటుంబం బొమ్మ అయితే పెద్ద సంయుక్తాక్షరమే. ఈ కలయిక తెలియని పాత ఫోనుకి పంపితే అది విడిపోయి, ఎలుగుబంటి ఒకచోట, మంచుపలుక ఇంకోచోట కనిపిస్తాయి. ఒత్తులు సరిగా రాయలేని పాత ఫాంటులో తెలుగు చదివినవాళ్లకు ఈ బాధ అలవాటే.

8205కు ముందున్న 8204 దీనికి సరిగ్గా వ్యతిరేకం, కలవనివ్వదు. తెలుగు టైపు చేసేవాళ్లు దీన్ని రోజూ వాడతారు, పేరు తెలియకపోయినా. 'సాఫ్ట్వేర్' అని 'ట' కింద 'వ' ఒత్తు పడకుండా 'సాఫ్ట్‌వేర్' అని విడివిడిగా నిలబెట్టేది అదే. 2018 ఫిబ్రవరిలో ఈ 8204 వల్లే ఐఫోన్లు ప్రపంచమంతా కుప్పకూలాయి. 'జ్ఞా'లో 'జ్ఞ'కీ దీర్ఘానికీ మధ్య అనవసరంగా ఒక 8204 దూర్చి పంపితే, దాన్ని ఎలా గీయాలో తెలియక యాప్ ఆగిపోయేది. తెలుగు ముక్క ఒక్కటి రానివాళ్లు కూడా స్నేహితులను ఏడిపించడానికి ఆ అక్షరం కాపీ చేసి పంపుకున్నారు. యాపిల్ రోజుల్లోనే 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మన లిపికి అంత ప్రచారం అలా రావాల్సింది కాదు గానీ, వచ్చింది.

జెండాలదీ ఇదే బాపతు. భారత జెండా ఒక బొమ్మ కాదు. ఐ, ఎన్ అనే ఇంగ్లిష్ అక్షరాలకు ప్రత్యేకంగా ఇచ్చిన రెండు గుర్తుల జంట. విండోస్ కంప్యూటర్లలో చాలాచోట్ల జెండా బదులు ఆ రెండక్షరాలే కనిపించేది ఇందుకే. మనిషి బొమ్మల చర్మం రంగు కూడా పక్కన అతికించేదే. 2015లో వచ్చిన ఈ అయిదు ఛాయలకు ఆధారం ఎండకు చర్మం ఎలా కందుతుందో చూసి చర్మవైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ వేసిన పట్టిక. అందులో ఆరు రకాలు ఉంటే మొదటి రెండూ కలిపేశారు. మన గ్రూపుల్లో ఎక్కువమంది ఆ గొడవ లేకుండా పసుపు రంగే వాడేస్తారు, పసుపు రాసుకున్న చేతుల్లాగే ఉంటాయి కాబట్టి నాకూ అదే నచ్చుతుంది.

ఇక బొమ్మ గీసేవాళ్లు. యూనికోడ్ నంబరు, పేరు, నమూనా బొమ్మ ఇచ్చి ఊరుకుంటుంది. మిగతాది కంపెనీల చిత్తం. 2016లో యాపిల్ తన తుపాకీ బొమ్మను పచ్చటి నీళ్ల తుపాకీగా మార్చింది. గూగుల్, శాంసంగ్ వగైరా ఆ దారి పట్టింది 2018లో. మధ్యలో రెండేళ్లు, ఐఫోన్ నుంచి హోలీ సరదాగా పంపిన బొమ్మ అవతల అసలు తుపాకీగా దిగేది. 2024లో ఎక్స్ (పాత ట్విట్టర్) మళ్లీ అసలు తుపాకీకి తిరిగొచ్చింది. మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ఇంకో సంగతి తేల్చారు. ఒకే కంపెనీ గీసిన ఒకే ముఖాన్ని చూపించినా, అది మంచి భావమా, చెడ్డదా, మధ్యస్థమా అన్న దగ్గర జనానికి 25 శాతం సందర్భాల్లో పొత్తు కుదరలేదు. పళ్లన్నీ బయటపెట్టిన ఒక ముఖం అప్పటి ఐఫోన్‌లో పళ్లు నూరుతున్నట్టూ, మిగతా ఫోన్లలో సంతోషంతో వెలిగిపోతున్నట్టూ ఉండేది.

జపాన్ నుంచి బొమ్మలు వచ్చాయి గానీ వాటి సంప్రదాయం రాలేదు. ముక్కులోంచి బుడగ వస్తున్న ముఖం అక్కడి మాంగా చదివేవారికి గాఢ నిద్ర. మనకు జలుబో, ఏడుపో. ముక్కుల్లోంచి ఆవిరి కక్కే ముఖం అధికారిక పేరు విజయగర్వం. మా గ్రూపులో అది పార్కింగ్ మీద కోపం. తెల్లపువ్వు బొమ్మ అక్కడ పిల్లల నోటుబుక్కులో మాస్టారు వేసే 'భేష్' ముద్ర. ఇక మన రాష్ట్రంలో ఎన్నికల వేళ సైకిల్ బొమ్మ కనిపిస్తే అది సైకిలు కాదు. సీలింగ్ ఫ్యానుకు అసలు ఎమోజీయే లేదు, ఆ పార్టీవాళ్లకు అదో లోటు.

చేతి గుర్తుకు ఒకే అర్థం ఉండాలన్న పట్టుదల మనకు ఎప్పుడూ లేదు. కూచిపూడి నేర్చుకునే పిల్లలు వల్లించే అభినయ దర్పణంలో పతాక హస్తం ఒక్కటే మేఘం, అడవి, రాత్రి, నది, వద్దని వారించడం కూడా. ఏది ఎప్పుడో సందర్భం చెబుతుంది. అదే గ్రంథంలో అంజలికి ఎత్తు కూడా ముఖ్యం: దేవతలకైతే తలపైన, గురువులకైతే ముఖం దగ్గర, విప్రులకైతే గుండె దగ్గర. 128591లో ఆ ఎత్తు లేదు. చేతుల జత ఒక్కటే గీశారు, దేని ముందు నిలబడ్డాయో లేదు. ఆ ఖాళీలోనే మన వాళ్లు ట్యాంకర్‌నీ, మామ్మగారినీ, పార్కింగ్‌నీ పట్టించేశారు.

అర్థం జారకుండా కట్టేసిన బొమ్మలు చూడాలంటే పోర్టుకి వెళ్లాలి. హార్బర్ ఛానల్‌లోకి వస్తున్న ఓడ మీద నిలువునా సగం తెలుపు, సగం ఎరుపు ఉన్న జెండా ఎగిరితే ఓడకు దారి చూపే పోర్టు పైలట్ ఎక్కాడని అర్థం. ఓడ ఏ దేశానిదైనా అంతే. ఈ జెండాల భాష 1857లో బ్రిటన్‌లో మొదలైంది. తుపాను వేళ పోర్టులో ఎగరేసే 'మూడో నంబరు ప్రమాద సూచిక' కూడా అలాంటిదే, దాన్ని తమాషాకి వాడే ధైర్యం ఎవరికీ లేదు. ఇంత కట్టుదిట్టంలోనూ పసుపు జెండా మాట మార్చింది. ఒకప్పుడు అంటురోగం, దూరంగా ఉండండి అన్న జెండా, ఇప్పుడు 'మా ఓడలో అందరం ఆరోగ్యంగా ఉన్నాం, రానివ్వండి' అంటోంది.

ఎమోజీ అర్థం కోర్టుకి కూడా ఎక్కింది. 2021లో కెనడాలోని సస్కచెవాన్‌లో ఒక ధాన్యం కొనుగోలు కంపెనీ ఒక రైతుకి 87 టన్నుల అవిసె గింజల ఒప్పందం ఫొటో తీసి పంపి, ఖాయం చేయమంది. ఆయన జవాబుగా బొటనవేలు పైకెత్తిన ఎమోజీ పెట్టాడు. తీరా సరుకు ఇచ్చే నాటికి ధర పెరిగింది, సరుకు రాలేదు. 'అందింది అని పెట్టానంతే, ఒప్పుకున్నానని కాదు' అన్నది రైతు వాదన. జడ్జి పాత మెసేజ్‌లు తిరగేశారు. అంతకుముందు ఒప్పందాలకు ఆయన 'ఓకే', 'యప్' అని ముక్తసరిగా జవాబిచ్చి, సరుకు తోలిన రివాజు ఉంది. కాబట్టి ఈ వేలు కూడా సంతకమేనని 2023 జూన్‌లో తీర్పు. 82,000 పైచిలుకు కెనడా డాలర్లు కట్టాల్సి వచ్చింది; 2024 డిసెంబరులో అప్పీలు కోర్టులోనూ అదే నిలిచింది.

మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం తొమ్మిదో సెక్షను కూడా మాటల్లో కాకుండా మరో విధంగా తెలిపిన అంగీకారానికి చోటిచ్చింది. ఐటీ చట్టంలో 2008 సవరణతో చేరిన 10ఏ సెక్షను ప్రకారం, ఫోన్లో కుదిరింది కదా అన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకపోదు. ఫిషింగ్ హార్బర్‌లో నాకు తెలిసిన రొయ్యల ఏజెంటుకు ఈ సెక్షన్ల సంగతి పట్టదు. రేటు, సరుకు ఫొటో వాట్సాప్‌లో పంపుతాడు, అవతలి నుంచి బొటనవేలు వస్తుంది. వెంటనే ఫోన్ చేస్తాడు: "వేలెట్టీసినావు సరే, ఐసు ఏసీమంటావేటి?" అవతల 'ఏసెయ్ బావా' అని నోటితో అన్నాకే పెట్టెల్లో ఐసు పడుతుంది.