మందు కొట్టినా పురుగు ఎందుకు చావడం లేదు?

పిల్లలూ,

పత్తి చేనులో మందు కొట్టిన వారానికే కాయలో మళ్లీ పురుగు ఎలా కనిపించిందని మీరు అడిగారు. ఫోనులో చెప్పి ముగించే మాట కాదది. అందుకే ఈ ఉత్తరం.

మన నల్లగొండలో పత్తి పండించే ఏ ఇంట అడిగినా పురుగు మందుకు అలవాటు పడిందంటారు. అది నిజం కాదు, ఏ పురుగూ అలవాటు పడదు. చేనులోని వేల పురుగుల్లో ఏ కొద్దింటికో పుట్టుకతోనే తట్టుకునే శక్తి ఉంటుంది. కొన్నింటి ఒంట్లోని ఎంజైములు మందును విరిచేస్తాయి. కొన్నింటి నరాల్లో మందు పట్టుకోవలసిన చోటు మారి ఉంటుంది, అక్కడ దానికి పట్టు దొరకదు. మందు కొట్టినప్పుడు మిగతావన్నీ చచ్చి ఇవే మిగులుతాయి. తమలో తాము జతకట్టి గుడ్లు పెడతాయి. తర్వాతి తరంపైనా అదే మందు కొడితే మళ్లీ అలాంటివే మిగులుతాయి. జల్లెడ పట్టి గట్టివాటిని వేరుచేస్తున్నది మనమే.

ఇది ఈనాటి సంగతి కాదు. అమెరికాలో పండ్లచెట్ల పొలుసు పురుగు గంధకం మందుకు లొంగడం లేదని మెలాండర్ అనే శాస్త్రవేత్త 1914లోనే రాశారు. డీడీటీ అనే పురుగుమందు వచ్చిన కొన్నేళ్లకే ఈగలు దాన్ని తట్టుకున్నాయి. 1987లో కోస్తా జిల్లాల పత్తిలో శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్ మందులకు లొంగక రైతులను నిలువునా ముంచింది.

మోతాదు పెంచితే సరిపోతుందని కొందరు అంటారు. నాకు ఆ మాట వింటేనే భయం. మోతాదు పెంచినకొద్దీ మరీ మొండివి మిగులుతాయి, పురుగులను తినే సాలీళ్లూ అక్షింతల పురుగులూ చస్తాయి. సాగర్ ఎడమ కాలువ కింద వరిలో అనవసరంగా పైరిత్రాయిడ్లు కొట్టినచోట దోమపోటు, అంటే వరి రసం పీల్చే సుడిదోమ బెడద, పెరిగేది ఇందుకే.

ఇక గులాబీ రంగు పురుగు సంగతి. గుడ్డు పగిలిన కొద్దిసేపటికే మొగ్గలోకో కాయలోకో దూరిపోతుంది, పైన కొట్టిన మందు దానికి తగలదు. 2002లో బీటీ పత్తి వచ్చాక మొక్కలోనే విషం ఉంది కదా అని అందరం ధీమాగా ఉన్నాం. 2010 నాటికే గుజరాత్‌లో ఆ మొదటి బీటీని ఈ పురుగు తట్టుకుంది. తర్వాత రెండు జన్యువుల బీటీనీ తట్టుకుంది. 450 గ్రాముల బీటీ విత్తనాలతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనాల పొట్లం ఇచ్చేవారు. చేను చుట్టూ అవి వేస్తే వాటిపై బీటీకి లొంగే పురుగులు బతికి, లొంగని వాటితో జతకడతాయి. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ శక్తి వస్తేనే పిల్ల పురుగు బీటీని బాగా తట్టుకుంటుంది, ఒకరి నుంచే వస్తే చాలావరకు చస్తుంది. ఇంత మంచి ఉపాయాన్ని చాలామంది గట్టున పారేశారు. ఎంత చెప్పినా తీరని బాధ ఇది.

గులాబీ రంగు పురుగుకు ప్రధానమైన తిండి పత్తే. అందుకే డిసెంబరు దాటాక చేను ఉంచకుండా కట్టె పీకేయాలి. మందు కొట్టక తప్పకపోతే వరసగా ఒకే రకం వాడకూడదు. పేరు మారితే చాలదు, పని చేసే తీరు మారాలి. సెలవుల్లో మీరు చేయగలిగిందీ ఒకటి ఉంది. రేకులు విచ్చుకోకుండా మెలిపడిన గుడ్డి పూలు కనిపిస్తే తెంపి, లోపలి పురుగును చంపేయండి. అయితే ముందు మీ నాన్నను అడగండి. మందు కొట్టి రెండు రోజులు కూడా కాని చేనులోకి మాత్రం అడుగు పెట్టవద్దు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య