బస్రాలో పేరు చెక్కని సిపాయిలు

మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, చనిపోయి సమాధి ఎక్కడో తెలియని 40 వేల మందికి పైగా సైనికుల కోసం కట్టినది బస్రా స్మారకం. 1929లో దాన్ని ఆవిష్కరించేనాటికి బ్రిటిష్ సైనికులందరి పేర్లూ పలకల మీద చెక్కారు. భారతీయుల్లో అధికారులకే ఆ గౌరవం దక్కింది. మామూలు సిపాయిలకు రెజిమెంటు పేరు కింద ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు. వాళ్ల పేర్లు రిజిస్టర్లకే పరిమితమయ్యాయి.

ఇది ఆ పని చేసిన యుద్ధ సమాధుల కమిషన్ (నేటి కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్) సొంత నియమానికే విరుద్ధం. హోదా, జాతి, మతం చూడకుండా ప్రతి ఒక్కరినీ పేరుతోనే స్మరించాలన్నది 1917లో పుట్టిన ఆ సంస్థ మూలసూత్రం. ఫ్రాన్స్‌లో దాన్ని పాటించారు కూడా. 1927లో ఆవిష్కరించిన నవ్ షపెల్ స్మారకం మీద 4,700 మందికి పైగా భారతీయుల పేర్లున్నాయి. కాబట్టి బస్రాలో జరిగినది చేతగాక జరిగిన లోపం కాదు, తెలిసి తీసుకున్న నిర్ణయం. కమిషన్ 2021లో ఈ సంగతి ఒప్పుకుంది. భారత, ఆఫ్రికా తదితర దళాల్లో 45 వేల నుంచి 54 వేల మందిని అసమానంగా స్మరించామనీ, కనీసం 1,16,000 మందికి పేరుతో గుర్తింపే దక్కలేదనీ, ఆ సంఖ్య మూడున్నర లక్షల దాకా ఉండొచ్చనీ నివేదిక చెప్పింది. బ్రిటన్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ కోరారు.

రాయి కూడా ఉన్నచోట నిలవలేదు. సద్దాం హుస్సేన్ ఆదేశంతో 1997లో బస్రా స్మారకాన్ని 32 కిలోమీటర్ల దూరానికి తరలించారు. సూయజ్ కాలువ దగ్గరి పోర్ట్ త్యూఫిక్ స్మారకం అరబ్-ఇజ్రాయెల్ పోరులో దెబ్బతినడంతో కూల్చేశారు. దాని మీది దాదాపు 4 వేల మంది భారతీయుల పేర్లు 1980లో కైరో దగ్గర హీలియోపొలిస్‌లో మళ్లీ వెలిశాయి.

మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ (సైనిక ఇంజినీర్ల దళం) వంటి దళాల్లో తెలుగువాళ్లూ మెసొపొటేమియా వెళ్లారు. వాళ్లలో మీ పూర్వీకులున్నారేమో వెతకాలంటే, ఇంట్లో పెద్దల పతకం ఉంటే ముందు దాని అంచు చూడండి. బ్రిటిష్ వార్ మెడల్ అంచు మీద సర్వీసు నంబరు, హోదా, పేరు, దళం ముద్రించి ఉంటాయి. వెండిది పోరాడే దళాలకు, కంచుది కూలీ దళాల వంటివాటికి ఇచ్చారు. మృతుల కుటుంబాలకు పంపిన 12 సెంటీమీటర్ల కంచు ఫలకం మీద పేరు తప్ప నంబరూ, దళమూ ఉండవు. అదొక్కటే ఉంటే మనిషిని తేల్చడం కష్టం.

కమిషన్ ఆన్‌లైన్ జాబితాలో నేరుగా పేరు కొడితే చాలాసార్లు దొరకదు. ఇంటిపేరు రాసుకోకపోవడం, వెంకటస్వామి కాస్తా వెంకటసామి కావడం మామూలే. అందుకే దళం, చనిపోయిన ఏడాది పెట్టి వెతికి, తర్వాత తండ్రి పేరూ ఊరూ పోల్చాలి. ఊళ్లకు ఆనాటి స్పెల్లింగులే వాడాలి: విశాఖకు విజగపటం, ఏలూరుకు ఎల్లోర్. ఒకే పేరు నలుగురికి ఉంటే నంబరే తేలుస్తుంది. పేరు అసలే లేకపోతే చేర్చమని అడగొచ్చు. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 లోపు, సర్వీసులో ఉండగానో సర్వీసు కారణంగానో చనిపోయినట్టు ఆనాటి పత్రం చూపాలి.