దండెం మీద దాగిన యాంటెన్నా

నెల్లూరులో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటున్న పాఠకుడొకరు, సరదాకు రేడియోలో మాట్లాడుకొనే హ్యామ్ రేడియో లైసెన్సు చేతికి వచ్చినా డాబా మీద గొట్టం నిలపడానికి నివాసుల సంఘం ఒప్పుకోవడం లేదనీ, ఎవరి కంటా పడకుండా 28 మెగాహెర్ట్జ్ యాంటెన్నా కట్టుకొనే దారి ఏదైనా ఉన్నదా అనీ అడిగారు. ఉన్నది. అది వారి బాల్కనీలో బట్టలు ఆరవేసే దండెమే, దాని తాడుకు ఒక సన్నని రాగి తీగ చుడితే చాలు.

కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుందని ఇంటర్ పిల్లలందరూ అప్పజెబుతారు గానీ, వారి చేత ఒక్క తీగనైనా కొలిచి కోయించిన తరగతి గదిని నేను చూడలేదు. 300ను (సెకనుకు మిలియన్ మీటర్లలో కాంతి వేగం) 28.4 మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే 10.56 మీటర్లు, యాంటెన్నా తీగకు కావలసింది అందులో సగం, అంటే 5.28, చివర్ల ప్రభావానికి దాదాపు 5 శాతం తగ్గిస్తే 5.03 మీటర్లు. 

దండెం తాడును బిగించి కట్టి నడిమిన లాగి వదలండి. నడుమ ఎక్కువగా ఊగుతుంది, ముడి వేసిన చివరలు కదలవు. అర్ధ తరంగపు తీగలో విద్యుత్ ప్రవాహం సరిగ్గా ఇలాగే నడుమ గరిష్ఠంగా, చివర్లలో సున్నాగా ఉంటుంది. ఇప్పుడు తాడు ఊపును కాక దాని వాలును గమనించండి. నడుమ తాడు చదునుగా ఉంటుంది, ముడుల దగ్గరే వాలు ఎక్కువ. తీగలో వోల్టేజి ఈ వాలు వంటిది, కనుక అది చివర్లలోనే గరిష్ఠం. ప్రసార శక్తి పెంచితే అక్కడ వందల వోల్టులు పుడతాయి. ముట్టుకుంటే వేలు చురుక్కుమంటుంది. చివరలను గోడమేకుకు నేరుగా కట్టకుండా అరచేతి పొడవు నైలాను తాడు కలపమనడం అందుకే.

ఈ పోలిక ఇంకా పలుకుతుంది. బాల్కనీ 3.5 మీటర్లే ఉన్నదనుకుందాము. మిగిలిన తీగను రెండు వైపులా ముప్పావు మీటరు చొప్పున కిందికి వేలాడదీస్తే, పొడవులో 70 శాతమే తిన్నగా సాగినప్పటికీ, ప్రవాహాన్ని పొడవు వెంట కూడి చూస్తే 89 శాతం ఆ నడిమి భాగంలోనే ఉంటుంది. ఊగని చోట తాడును వంచితే పోయేది తక్కువ. దీనికి బదులు చాలామంది కొనుక్కునేది 1 మీటరు కడ్డీ యాంటెన్నా. పొట్టి తాడు పైస్థాయిలో పలికినట్లే పొట్టి తీగ పై పౌనఃపున్యానికి స్పందిస్తుంది. తాడుకు బరువు కట్టి స్థాయి దించినట్లు దానికి తీగచుట్టను చేర్చవలసి వస్తుంది. ఆ కడ్డీ ప్రసరణ నిరోధం (తరంగాలుగా వెలువడే శక్తిని లెక్కగట్టే నిరోధం) సుమారు 3.5 ఓములే కాబట్టి, చుట్టలోనూ నేలలోనూ కలిసి 10 ఓముల నష్టమున్నా శక్తిలో ముప్పాతిక వేడిగా పోతుంది. నన్నడిగితే అది డబ్బు దండగ.

తీగ కోసం దూరం పోనక్కరలేదు. బోరు మోటార్లూ, రొయ్యల చెరువుల ఏరేటర్లూ నిండిన జిల్లాలో మోటారు వైండింగ్ షాపులకు కొదవ లేదు. అక్కడ దొరికే 22 గేజి ఎనామెల్ రాగి తీగ దండెం తాడుకు చుడితే నాలుగడుగుల దూరం నుంచి కూడా కనిపించదు. ఇంత సన్నని తీగ చాలునా అన్న అనుమానం సహజమే. 28 మెగాహెర్ట్జ్ వద్ద విద్యుత్తు రాగి పైపొరలో సుమారు 12 మైక్రోమీటర్ల లోతులోనే పారుతుంది; అయినా ఈ తీగ నిరోధం వల్ల పోయేది నూటికి 2 వంతులే. తీగను నడిమిన కోసి, కోసిన చోటి రెండు కొసలకూ రేడియో నుంచి వచ్చే కోయాక్సియల్ కేబులు కలిపి, ఆ కేబులును అక్కడే ఏడెనిమిది చుట్లు చుట్టాలి. లేకుంటే కేబులు పైపొర కూడా యాంటెన్నాలో భాగమై, పక్కింటి టీవీ దాకా గోల చేరుతుంది. కొలత పెట్టి చూసి, 1 సెంటీమీటరు తగ్గిస్తే అనునాదం (తీగ బాగా స్పందించే పౌనఃపున్యం) దాదాపు 56 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుందని గుర్తుంచుకొని, రెండు చివరలనూ సమంగా కోసుకుంటూ రావాలి.

తీగ పిడుగును పిలుస్తుందని సంఘంలో ఎవరో అన్నారట. డాబా మీద ఇనుప నిచ్చెనా, ట్యాంకు గొట్టాలూ ఉండగా మూడో అంతస్తు దండేన్ని వెదుక్కుంటూ పిడుగు రాదు. ఉరుములప్పుడు కేబులు ఊడదీయడం మాత్రం తప్పనిసరి.

పాఠకుని చివరి ప్రశ్న, ఆ తీగ మీద తడి చీర ఆరవేయవచ్చునా అని. నా పోలిక తెగేది ఇక్కడే. తాడుకు తడి బరువు నడిమిన ఎక్కువ భారం; తీగకు తడి గుడ్డ చివర్లలో ఎక్కువ భారం, ఎందుకంటే విద్యుత్ క్షేత్రం అక్కడే బలంగా ఉంటుంది, నీరు దానికి లోబడి అనునాదాన్ని కిందికి లాగుతుంది. పైగా ఈ బ్యాండు దూర దేశాలకు తెరుచుకొనేది పగటి పూటే, బట్టలు ఆరేదీ పగటి పూటే. కనుక తీగ చుట్టిన తాడును పైన కట్టి, మూరెడు కిందుగా బట్టలకు మరో తాడు కట్టుకోవడం మేలు.