మన చట్టాల్లో ఆటిజం: తల్లిదండ్రుల భయంతో మొదలైన కథ

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో 17వ సెక్షన్ చిన్నదే. ఆటిజం (మాట, నలుగురితో కలిసే తీరు చిన్నప్పటి నుంచే వేరుగా ఉండే స్థితి) ఉన్న మనిషికి నియమించిన గార్డియన్ అతన్ని హింసిస్తున్నా, పట్టించుకోకుండా వదిలేసినా, అతని ఆస్తి తినేస్తున్నా ఆ గార్డియన్‌ను తొలగించమని ఎవరు అడగొచ్చో అందులో రాశారు. అమ్మానాన్నలు అడగొచ్చు, బంధువు అడగొచ్చు, రిజిస్టరైన సంస్థ అడగొచ్చు. బాధ పడుతున్న మనిషి తానే అడగొచ్చని మాత్రం రాయలేదు.

ఆ చట్టం వెనక చెడు ఉద్దేశం ఏమీ లేదు. పిల్లల కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన తల్లిదండ్రుల మొర దాని వెనక ఉంది. దానివల్ల మేలు జరిగిన కుటుంబాలూ చాలా ఉన్నాయి. అయినా ఇవాళ ఆటిస్టిక్ (ఆటిజం ఉన్న) వ్యక్తులు ‘మా గురించి చట్టం చేసేటప్పుడు మమ్మల్ని అడగండి’ అంటున్నారు. అలా ఎందుకంటున్నారో అర్థం కావాలంటే ఆ సెక్షన్ అలా ఎలా తయారైందో తెలుసుకోవాలి.

అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 1943లో 11 మంది పిల్లలను గమనించి ఆటిజం గురించి రాశారు. ఆ తర్వాత చాలాకాలం నింద తల్లుల మీద పడింది. తల్లి ప్రేమ చాలక బిడ్డ ముడుచుకుపోయాడని పెద్ద పెద్ద నిపుణులే రాశారు. మన దగ్గర అంత దూరం కూడా పోలేదు. ‘మగపిల్లలకు మాటలు లేటుగా వస్తాయిలే’, ‘వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే వచ్చాయి’ అంటూ రోజులు గడిచేవి. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్తే బుద్ధిమాంద్యం అని రాసిచ్చేవారు. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన జాతీయ సంస్థ కూడా బుద్ధిమాంద్యం పేరు మీదే మొదలైంది. ఆటిజానికి వేరే బోర్డు, వేరే లెక్క లేవు.

1991లో ఢిల్లీలో మేరీ బారువా అనే తల్లి ‘యాక్షన్ ఫర్ ఆటిజం’ మొదలుపెట్టారు. ఆమె కొడుకు ఆటిస్టిక్. అలాంటి తల్లిదండ్రులు ఒకరినొకరు వెతుక్కుంటున్న రోజుల్లోనే, 1995లో, పార్లమెంటు వికలాంగుల చట్టం చేసింది. అందులో ఏడు వైకల్యాలను గుర్తించారు: అంధత్వం, చూపు తక్కువగా ఉండటం, నయమైన కుష్ఠు, వినికిడి లోపం, కదలికల వైకల్యం, బుద్ధిమాంద్యం, మానసిక రోగం. ఆటిజం లేదు. ఐక్యూ తక్కువగా తేలిన ఆటిస్టిక్ పిల్లాడికి బుద్ధిమాంద్యం సర్టిఫికెట్ వచ్చేది. ఐక్యూ బాగున్నవాడికి ఏ సర్టిఫికెట్టూ రాదు. లెక్కలు గబగబా చేస్తాడు, కానీ నలుగురిలో ఉంటే చెవులు మూసుకుని కింద కూర్చుండిపోతాడు. చట్టం దృష్టిలో వాడికి ఏ ఇబ్బందీ లేదు. ఆ చట్టం ఇచ్చిన 3 శాతం ఉద్యోగ రిజర్వేషన్ చూపు, వినికిడి, కదలికల వైకల్యాలకే పోయింది.

అయితే తల్లిదండ్రులను నిద్రపోనివ్వని దిగులు వేరే ఉంది. ‘మేం పోయాక వీడి గతేంటి?’ ఆటిజం ఉన్న ఇళ్లలో ఆ మాట వినని ఇల్లు ఉండదు. తోబుట్టువులు చూస్తారా? ఇల్లు ఎవరి పేరున రాయాలి? బ్యాంకులో సంతకం ఎవరు పెడతారు? నేషనల్ ట్రస్ట్ చట్టం ఈ దిగులుకు ఇచ్చిన జవాబు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే స్థితి), బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 18 ఏళ్లు దాటాక కూడా గార్డియన్‌ను నియమించే వీలు కల్పించింది. కోర్టుల చుట్టూ తిరగకుండా జిల్లా స్థాయిలోనే కమిటీ పెట్టింది. ఆ తర్వాత ‘నిరామయ’ పేరుతో లక్ష రూపాయల ఆరోగ్య బీమా కూడా వచ్చింది. ఆటిజం అన్న మాటకు మన దేశ చట్టంలో చోటు దొరకడం అదే మొదలు. అది తక్కువ విషయం కాదు.

కానీ జవాబు దొరికింది తల్లిదండ్రుల ప్రశ్నకు. ఆ ప్రశ్నలో ‘వీడు’ గురించి మాట్లాడతారు, ‘వీడు’తో కాదు. గార్డియన్ కావాలని దరఖాస్తు పెట్టేది తల్లిదండ్రులు, బంధువులు లేదా సంస్థ. నిర్ణయించేది జిల్లా కమిటీ. ఆ కమిటీలో కలెక్టర్ స్థాయి అధికారి, ఒక సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉండాలన్నారు. మూడో కుర్చీ చూడండి. ఆ వ్యక్తి ఎవరంటే 1995 చట్టంలోని నిర్వచనం ప్రకారం వైకల్యం ఉన్నవారట. ఆ నిర్వచనంలో ఆటిజమే లేదని ఇందాక చెప్పుకున్నాం. అంటే ఆటిస్టిక్ వ్యక్తి జీవితాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తేల్చే కమిటీలో ఆనాడు అందరికీ చోటు పెట్టారు, ఆటిజం ఒక్కటే ఉన్న మనిషికి తప్ప. ఎవరూ కావాలని చేసి ఉండరు. అలాంటి మనిషి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడన్న ఊహే ఎవరికీ రాలేదు. నాకు బాధ కలిగించేది అదే.

ఆ ఊహ అప్పటికే వేరే చోట మొదలైంది. 1993లో టొరంటోలో జరిగిన ఒక ఆటిజం సదస్సులో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిస్టిక్ వ్యక్తి తల్లిదండ్రులను ఉద్దేశించి మాట్లాడారు. మీరు కలలుగన్న బిడ్డ పుట్టలేదని ఏడవండి, తప్పులేదు, కానీ ఆ ఏడుపు మా గురించి కాకూడదు అన్నది దాని సారాంశం. 2006లో అమెరికాలో ఆటిస్టిక్ వ్యక్తులే నడిపే సంఘం ఒకటి వచ్చింది, దాని వ్యవస్థాపకుల్లో ఒకరు ఆరీ నేమన్. మరుసటి ఏడాది డిసెంబరులో న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన పిల్లల మానసిక కేంద్రం ఊరంతా ప్రకటనలు పెట్టింది. ‘మీ అబ్బాయి మా చేతిలో ఉన్నాడు’ అని కిడ్నాపర్ చీటీ రాసినట్టు, కింద సంతకం ‘ఆటిజం’ అని. ఆటిస్టిక్ యువకులు, ఇతర వికలాంగుల సంఘాలు తిరగబడితే ఆ ప్రకటనలు కొద్ది వారాల్లోనే వెనక్కి పోయాయి. 2010లో నేమన్ అమెరికా జాతీయ వైకల్య మండలిలో సభ్యుడయ్యారు. ఒక ఆటిస్టిక్ వ్యక్తి ప్రభుత్వానికి సలహా చెప్పే స్థానంలో కూర్చున్నారు.

అక్కడా దారి నేరుగా సాగలేదు. 2025 ఏప్రిల్‌లో అమెరికా ఆరోగ్య మంత్రి రాబర్ట్ ఎఫ్. కెనడీ జూనియర్ ఈ పిల్లలు ఎప్పటికీ పన్ను కట్టరు, ఉద్యోగం చేయరు, కవిత రాయరు అన్నారు. గొడవయ్యాక తీవ్రమైన ఆటిజం ఉన్నవారి గురించే అన్నానని సర్దుకున్నారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఆటిస్టిక్ పిల్లలను పెంచుకుంటున్న తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. ఆ మాటలు ఆ ఇళ్లలో టీవీలో వినిపించి ఉంటాయి, ఆ పిల్లలకు కూడా.

మన దగ్గరికి వద్దాం. 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. భారత్ 2007 అక్టోబరు 1న దానికి కట్టుబడింది. అందులో రెండు మాటలు ఆటిస్టిక్ వ్యక్తులకు ముఖ్యం. ఒకటి, విధానాలు చేసేటప్పుడు వికలాంగుల సంఘాలతో దగ్గరగా సంప్రదించాలి. రెండోది 12వ అధికరణం: వైకల్యం ఉన్న ప్రతి మనిషికీ అందరిలాగే నిర్ణయాలు తీసుకునే చట్టబద్ధ హక్కు ఉంది, కావలసిన సాయం అందించాల్సింది ప్రభుత్వమే. గార్డియన్ పద్ధతి మీద నిలబడ్డ మన 1999 చట్టానికీ దీనికీ పొంతన కుదరలేదు.

1995 చట్టం స్థానంలో కొత్త వికలాంగుల హక్కుల చట్టం కోసం 2010లో సుధా కౌల్ అధ్యక్షతన కమిటీ వేశారు, మరుసటి ఏడాది ముసాయిదా వచ్చింది. 2014 ఫిబ్రవరిలో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు మాత్రం చాలా పలచబడిపోయింది. వచ్చింది తీసుకుందామని కొన్ని సంఘాలు, ఇలా అయితే వద్దే వద్దని కొన్ని సంఘాలు గట్టిగా పోట్లాడుకున్నాయి. చివరికి 2016 డిసెంబరు 14న రాజ్యసభ, 16న లోక్‌సభ ఆమోదించాయి. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. ఏడు వైకల్యాలు 21 అయ్యాయి, ఆటిజం చేరింది. ఉద్యోగ రిజర్వేషన్ 4 శాతమైంది. అందులో చివరి 1 శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక రోగం, బహుళ వైకల్యాలు కలిసి పంచుకోవాలి. గార్డియన్‌షిప్ కూడా ‘పరిమితం’ అయింది. గార్డియన్, ఆ వ్యక్తి ఇద్దరూ కలిసి, నమ్మకంతో నిర్ణయం తీసుకోవాలని 14వ సెక్షన్ చెబుతుంది. బాగుంది. కానీ 1999 చట్టం పక్కనే అలాగే ఉంది. 2019లో భారత్ పనితీరును పరిశీలించిన ఐరాస కమిటీ గార్డియన్‌షిప్ తీసేసి, సాయంతో నిర్ణయం తీసుకునే ఏర్పాటు చేయమంది.

చట్టం పుస్తకంలో ఉంటుంది. మనిషికి తగిలేది సర్టిఫికెట్. ఆటిజాన్ని కొలిచే భారతీయ స్కేల్‌ను తయారుచేసింది మన సికింద్రాబాద్ సంస్థే (ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ). 40 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 కంటే తక్కువైతే ఆటిజం లేనట్టు, 106 వరకు స్వల్పం, 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. కళ్లలోకి చూడడా? ఒంటరిగా ఉంటాడా? చేతులు ఊపుతాడా? పరిశీలనతోపాటు ఇంట్లోవాళ్లు చెప్పేదే ఆధారం. 2016 ఏప్రిల్‌లో కేంద్రం ఈ స్కేల్‌తో ఆటిజం సర్టిఫికెట్ ఇచ్చే మార్గదర్శకాలు ప్రకటించింది. అంతకుముందు ఆటిజాన్ని వైకల్య శాతంగా లెక్కగట్టే పద్ధతే లేదు కాబట్టి తల్లిదండ్రులకు అది పెద్ద ఊరట.

కానీ వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు రోజు ఎలా ఉంటుందో ఊహించండి. ఆసుపత్రి వరండా నిండా జనం, మైకులో టోకెన్ నంబర్లు, ట్యూబులైట్ల గీ అనే చప్పుడు, గంటల తరబడి లైను. చప్పుడే పడని పిల్లాడికి వైకల్యం ఉందో లేదో తేల్చే చోటే వాడికి అన్నిటికంటే కష్టమైన చోటు. డాక్టరు ముందుకొచ్చేసరికి తల్లి చెప్పాలి: వీడికి ఏమీ రాదండీ, పిలిస్తే పలకడండీ. వైకల్యం కనీసం 40 శాతమని రాకపోతే ఏ ప్రయోజనమూ అందదు మరి. తెలంగాణలో 4,016, ఆంధ్రప్రదేశ్‌లో 6,000 రూపాయల పింఛను ఆ కాగితం మీదే ఉంది. జూన్‌లో అదే తల్లి ప్రైవేటు స్కూల్ అడ్మిషన్ గదిలో కూర్చుని, వీడికి అన్నీ వచ్చు మేడమ్, గొడవేం చేయడు అని బతిమాలుతుంది. రెండుచోట్లా ఆ పిల్లాడు పక్కనే ఉంటాడు. మాట్లాడడు కాబట్టి వినడనుకుంటాం.

ఆ భయం మీద వ్యాపారాలూ పెరిగాయి. స్టెమ్ సెల్స్ (మూలకణాలు)తో ఆటిజం నయం చేస్తామని లక్షలు గుంజే క్లినిక్‌లు ఎక్కువైతే, 2022 డిసెంబరులో జాతీయ మెడికల్ కమిషన్ పరిధిలోని బోర్డు ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫార్సు చేయలేమని తేల్చి చెప్పాల్సివచ్చింది.

ఇంకో సంగతి. ప్రభుత్వ ఏర్పాట్లు ఎక్కువగా చిన్నపిల్లల చుట్టూనే ఉన్నాయి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (పిల్లలకు కేంద్రం చేయించే ఆరోగ్య తనిఖీ) పరీక్షలు 18 ఏళ్ల వరకే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాలు బడి వయసు వరకే. పద్దెనిమిది దాటిన మనిషి ఎక్కడ ఉంటాడు, ఏం పని చేస్తాడు, ఎవరితో స్నేహం చేస్తాడు అన్న ప్రశ్నలకు మన దగ్గర గట్టి జవాబు లేదు, గార్డియన్ తప్ప.

తల్లిదండ్రులకూ ఆటిస్టిక్ పెద్దవాళ్లకూ మధ్య దీని మీద నిజమైన ఘర్షణ ఉంది, దాన్ని దాచడం మంచిది కాదు. ‘నువ్వు చక్కగా మాట్లాడుతున్నావు, నీకు ఉద్యోగముంది. మా వాడికి పాతికేళ్లొచ్చినా స్నానం నేనే చేయించాలి. వాడి తరఫున నువ్వెలా మాట్లాడతావు?’ అని తల్లులు అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. ఇరవై నాలుగ్గంటలు చూసుకునే మనిషి అలసటను ఎవరూ కొట్టిపారేయకూడదు. కానీ దానికి జవాబు ఆ పాతికేళ్ల అబ్బాయిని కూడా వదిలేయడం కాదు. అతను కంచం నెట్టేస్తాడు, ఇష్టమైన అక్క వస్తే గుమ్మం దగ్గరికి వెళ్తాడు, ఫలానా కేర్‌టేకర్ రాగానే గదిలో మూలకు పోతాడు. అవన్నీ అభిప్రాయాలే. బొమ్మల చార్టుతోనో ట్యాబ్‌లో అక్షరాలు నొక్కో చెప్పగలిగేవాళ్లు కూడా మనం అనుకున్నదానికంటే ఎక్కువమందే ఉంటారు. గార్డియన్‌ను తొలగించమని అడిగే హక్కును ఆ మనిషికే ఇచ్చి, అతని సంజ్ఞలను రాసుకుని కమిటీ ముందు పెట్టే బాధ్యత ఒకరికి అప్పగించడానికి చట్టంలో రెండు మూడు వాక్యాలు చాలు.

లెక్క కూడా సరిగ్గా లేదు. 2011 జనగణనలో వికలాంగులు 2.68 కోట్లని తేలింది. అప్పటి ఫారంలో ఎనిమిది గడులే, వాటిలో ఆటిజం లేదు. ఆటిస్టిక్ మనిషిని కొన్నిచోట్ల బుద్ధిమాంద్యం కింద, కొన్నిచోట్ల ‘ఇతరాలు’ కింద రాసేశారు. హైదరాబాద్‌తో సహా దేశంలో ఐదు చోట్ల చేసి 2018లో ప్రచురించిన అధ్యయనం 2 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ఏదో ఒక ఎదుగుదల సంబంధ నాడీ సమస్య ఉందని తేల్చింది. పెద్దవాళ్ల సంగతి అందులో లేదు. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకున్న జనగణనలో 21 వైకల్యాలనూ లెక్కించాలని వికలాంగుల సంఘాలు అడుగుతున్నాయి. గడి పెడితే సరిపోదు. గుమ్మం దగ్గర జవాబు చెప్పేది సాధారణంగా ఇంటి పెద్ద. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని చెల్లెలి కోసం అన్న ఆటిజాన్ని దాచే ఇళ్లు మన మధ్య ఉన్నాయి. ఆ ప్రశ్న ఎవరిని అడగాలో, ఏ మాటల్లో అడగాలో ఎన్యూమరేటర్లకు నేర్పే గదిలో ఆటిస్టిక్ వ్యక్తులు కూడా కూర్చోవాలి.