నేల లేని వ్యవసాయ పోటీ

దేశంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఒకచోట చేరి పోటీపడే జాతీయ వేడుక ఒకటుంది. పేరు అగ్రియూనిఫెస్ట్. ఐసీఏఆర్, అంటే భారత వ్యవసాయ పరిశోధన మండలి, 1999-2000లో దీన్ని మొదలుపెట్టింది. 2023 మార్చిలో బెంగళూరులో జరిగినప్పుడు 18 అంశాల్లో పోటీలు పెట్టారు. అన్నీ సంగీతం, నృత్యం, సాహిత్యం, నాటకం, లలితకళల కిందికి వచ్చేవే. వరంగల్ వ్యవసాయ కళాశాలలో చదివే పత్తి రైతు బిడ్డ అక్కడికి వెళ్లాలంటే జానపద నృత్యంలోనో, వక్తృత్వంలోనో, ముగ్గులోనో నెగ్గాలి. పిడికెడు మట్టి చేతిలో పెట్టి ‘ఇదేం నేల? ఇందులో ఏం పండుతుంది?’ అని అడిగే పోటీ అక్కడ లేదు.

పాటా ఆటా తక్కువవని కాదు. ఊళ్లో పుట్టిన పిల్లకు అవీ ఉండాల్సిందే. కానీ వ్యవసాయం చదివే పిల్లల జాతీయ పోటీలో వ్యవసాయమే లేకపోవడం నిర్వాహకుల మతిమరుపు వల్ల వచ్చింది కాదు. దాని వెనుక వందేళ్ల కథ ఉంది. అందులో సగం అమెరికాలో జరిగింది.

అమెరికాలో 1917లో స్మిత్-హ్యూస్ చట్టం వచ్చింది. హైస్కూళ్లలో వ్యవసాయం చెప్పడానికి కేంద్ర ప్రభుత్వం డబ్బివ్వడం అప్పుడే మొదలైంది. 1926 నుంచి ఆ బడుల పిల్లలు కాన్సస్ సిటీలో జరిగే పశువుల ప్రదర్శనకు వచ్చి, వరసగా నిలబెట్టిన పశువుల్లో ఏది మేలైనదో, ఎందుకో తేల్చిచెప్పే పోటీలో పాల్గొనేవారు. 1928 నవంబరులో 18 రాష్ట్రాల నుంచి వచ్చిన 33 మంది అదే ఊళ్లో ఒక హోటల్లో కూర్చుని ‘ఫ్యూచర్ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా’ సంఘం పెట్టుకున్నారు. దాన్ని ఆకాశానికెత్తాల్సిన పనిలేదు. నల్లజాతి పిల్లల కోసం 1935లో వేరే జాతీయ సంఘం పుట్టింది, 1965 దాకా రెండూ కలవలేదు. ఆడపిల్లలకు జాతీయస్థాయిలో సభ్యత్వం దొరికింది 1969లో. ఇప్పుడు ఆ సంఘం జాతీయ సదస్సు ఇండియానాపొలిస్‌లో జరుగుతుంది, డెబ్బై వేల మంది దాకా వస్తారు. పశువుల ఎంపిక, పాల నాణ్యత, పైరు గుర్తింపు, సభ నడిపే తీరు అన్నిట్లోనూ పోటీలుంటాయి. నేలను అంచనా వేసే పోటీ అక్కడి పల్లె బడుల్లో బాగా పేరున్నది. పొలంలో గొయ్యి తవ్వి ఉంచుతారు. పదిహేనేళ్ల పిల్లలు అందులోకి దిగి మట్టిని తడిపి వేళ్ల మధ్య నలిపి చూస్తారు. పొరల లోతు, నేల వాలు చూసుకుని కాగితం మీద మార్కులు వేస్తారు. నిపుణుడు వేసిన మార్కులకు ఎవరివి దగ్గరగా ఉంటే వాళ్లు గెలిచినట్టు.

కాన్సస్ సిటీ ఉన్నది మిస్సోరి రాష్ట్రంలో. పక్కనున్న కాన్సస్ రాష్ట్రంతో మనకు నేరుగా సంబంధం ఉంది. 1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1965 మార్చిలో అప్పటి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి లాంఛనంగా ప్రారంభించారు. దాన్ని నిలబెట్టడంలో చేయూతనిచ్చింది కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ. బోధన, పరిశోధన, దాన్ని రైతుకు చేర్చే విస్తరణ ఒకే కప్పు కింద ఉండాలన్న ఆలోచన కూడా అమెరికాలో ప్రభుత్వం ఇచ్చిన భూమితో మొదలైన ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయాలదే. 1960లో ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని పంత్‌నగర్‌లో మొదట నాటుకుని, తర్వాత ఇక్కడికి వచ్చింది. 1946 నుంచి నడుస్తున్న రాజేంద్రనగర్ కళాశాల ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగమైంది. తెలంగాణ వచ్చాక ఇక్కడి భాగానికి పెట్టుకున్నది ఉమ్మడి వరంగల్ జిల్లా అక్కంపేటలో పుట్టిన ప్రొఫెసర్ జయశంకర్ పేరు.

విశ్వవిద్యాలయం నమూనా సముద్రం దాటింది. బడి నమూనా దాటలేదు.

ప్రయత్నమే జరగలేదనలేం. 1952-53లో సెకండరీ విద్య మీద వేసిన మొదలియార్ కమిషన్ మల్టీపర్పస్ స్కూళ్లు పెట్టమంది. అక్కడ చెప్పాల్సిన శాఖల్లో వ్యవసాయమూ ఒకటి. పాతతరం మాటల్లో ‘మల్టీపర్పస్ స్కూల్’ అన్న పేరు ఇంకా వినిపిస్తుంది కానీ అక్కడ దుక్కి దున్నడం నేర్చుకున్నవాళ్లు అరుదు. 1966లో విద్య మీద వేసిన కొఠారి కమిషన్ ఈ లెక్క తేల్చేసింది. ప్రాథమిక స్థాయిలో సేద్యం నేర్పే ప్రయత్నాలు విఫలమయ్యాయనీ, అలాంటి కొత్త పథకాలు పక్కన పెట్టాలనీ, దిగువ సెకండరీ స్థాయికీ ఇదే వర్తిస్తుందనీ చెప్పింది. బదులుగా పదో తరగతి తర్వాత వ్యవసాయ పాలిటెక్నిక్‌లు పెట్టమంది. కమిషన్‌ను తప్పుపట్టడం కష్టం. బడికి పొలం ఉండదు, వ్యవసాయం చదివిన సారు దొరకడు. ‘దున్నుడు నేర్సుకునేటందుకు బడికెందుకు పంపుడు?’ అని అడిగే తండ్రికి జవాబు చెప్పడం ఇంకా కష్టం. కానీ ఆ తర్వాత ఆ తలుపు గట్టిగా తెరిచినవాళ్లు లేరు. పాలిటెక్నిక్‌లు మాత్రం వచ్చాయి. జగిత్యాల పక్కన పొలాసలో ఉన్నది అలాంటిదే. పల్లె బడిలో కనీసం నాలుగేళ్లు చదివి ఉండాలన్న షరతుతో రెండేళ్ల డిప్లొమా చెబుతారు.

ఉత్తర తెలంగాణకు డిగ్రీ కళాశాల రావడం మరీ ఆలస్యమైంది. పొలాసకు 2008లో, వరంగల్‌కూ సిరిసిల్లకూ 2018లో వచ్చాయి. కరీంనగర్‌లో బీసీ గురుకుల మహిళా వ్యవసాయ కళాశాల 2022లో మొదలైంది. చిత్రమేమంటే, వరంగల్ సన్నాలు, జగిత్యాల సన్నాలు, ఎర్రమల్లెలు అనే వరి రకాలు ఇక్కడి పరిశోధన స్థానాల నుంచి అంతకు ముందే ఊళ్లకు చేరాయి. విత్తనం ముందొచ్చింది, సీటు తర్వాత వచ్చింది.

ఆ సీటు కోసం జరిగేదే పల్లె పిల్లలకు అసలు పోటీ. ఎంబీబీఎస్ సీట్లు నీట్‌కు పోయాక ఎంసెట్‌లో బైపీసీ పిల్లలకు పెద్ద ఆకర్షణ అగ్రికల్చర్ బీఎస్సీయే. 2024 నుంచి ఆ పరీక్ష పేరు ఈఏపీసెట్. రైతుబిడ్డల కోసం 40 శాతం కోటా ఉంది. ఒకటి నుంచి ఇంటర్ దాకా కనీసం నాలుగేళ్లు మున్సిపాలిటీ కాని చోట చదివి ఉండాలి, తల్లిదండ్రులకు కనీసం ఎకరం భూమి ఉండాలి. కూలికి పోయేవాళ్ల పిల్లలకు ఆ ఎకరమే అడ్డంకిగా ఉండేది. ఈమధ్య వ్యవసాయ కూలీల పిల్లలకూ వాటా ఇవ్వడం మొదలుపెట్టారు, రావాల్సిన మార్పు అది. ర్యాంకు మాత్రం బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీల మీదే. ఎర్రచెలకలో ఏ అదునుకు విత్తు పెట్టాలో తెలిసిన పిల్లకు ఆ తెలివి ఒక్క మార్కు కూడా తేదు.

కళాశాలలో చేరాక నాలుగో ఏడాది పల్లెకు పంపి రైతుల దగ్గర పని నేర్పిస్తారు. 2015 జులైలో మొదలైన ‘స్టూడెంట్ రెడీ’ పథకం కింద ఇది దేశమంతటా ఉంది. పట్నం పిల్లలకు అది నిజంగా అవసరం. ఊరి నుంచే వచ్చినవాళ్లకు మాత్రం, తెలిసిన విషయాన్ని రికార్డు పుస్తకంలోకి ఎక్కించే పని.

బడి స్థాయిలో జాతీయ వేదిక దొరికినచోట మన పిల్లలు వెనకబడలేదు. 1993 నుంచి జరుగుతున్న బాలల సైన్స్ కాంగ్రెస్, తర్వాత వచ్చిన ఇన్‌స్పైర్ పోటీలు ఆ వేదికలు. సిరిసిల్ల జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ బడి విద్యార్థి, మార్కెట్లో వడ్లు ఎత్తి సంచుల్లో పోసే హమాలీ కష్టం చూసి, సంచి నింపే యంత్రం తయారుచేసి జాతీయస్థాయిలో బహుమతి తెచ్చుకున్నాడు. అయితే అది సైన్స్ పోటీ, వ్యవసాయానిది కాదు.

నేల పోటీ పెట్టాలంటే కావాల్సింది గొయ్యి తవ్వుకునే జాగా, మట్టి తెలిసిన శాస్త్రవేత్త, చుట్టుపక్కల బడుల పిల్లలు. మామునూరు, జమ్మికుంట, మల్యాల, రామగిరిఖిల్లా, ఆదిలాబాద్‌లలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. భూమీ ఉంది, శాస్త్రవేత్తలూ ఉన్నారు. బడులు విద్యాశాఖ కింద, ఈ కేంద్రాలు విశ్వవిద్యాలయాలు, స్వచ్ఛంద సంస్థల కింద, విశ్వవిద్యాలయాలు వాటి వాటి శాఖల కింద నడుస్తాయి. మూడింటినీ కూర్చోబెట్టి గొయ్యి తవ్వమని చెప్పే బాధ్యత ఇప్పటికైతే ఎవరి ఉద్యోగంలోనూ రాసిలేదు.