పడ్డ మనిషిని మంచానికి కట్టేయకండి: పెద్దవాళ్ళ నడక మీద అపోహలు – వాస్తవాలు

విజయవాడలో సింగ్‌నగర్, వాంబే కాలనీ, జక్కంపూడి వైపు ఇళ్ళకు వెళ్ళి ఫిజియోథెరపీ చేయిస్తుంటాను. లిఫ్ట్ లేని బ్లాకులు, పై అంతస్తుల్లో ముసలివాళ్ళు. ఏ ఇంటికెళ్ళినా ఒకటే మాట: "అమ్మ పడిపోయిందండీ. అప్పట్నుంచి కదలనివ్వట్లేదు, అన్నీ మంచం దగ్గరికే ఇస్తున్నాం." ప్రేమతోనే చేస్తారు, కాదనను.

అపోహ: కదలకుండా ఉంటే మళ్ళీ పడరు.

వాస్తవం: మళ్ళీ పడేసేది ఆ కదలకపోవడమే. ఆ వయసులో పది రోజులు మంచం మీద ఉంటే చాలు, కాళ్ళలో కండ కరగడం మొదలవుతుంది. తిరిగి రావడానికి మాత్రం నెలలు పడుతుంది. పైగా లేచీ లేవగానే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

రెండో అంతస్తులో ఒక మామ్మ బాత్రూంలో జారింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. అయినా కొడుకు భయపడి మంచం పక్కనే బకెట్ పెట్టాడు. నేను వెళ్ళేసరికి ఆవిడ చేతులు ఆనించనిదే లేవలేకపోతోంది. "వయసైపోయింది కదండీ" అన్నాడు. "మూడు నెలల్లో అంత వయసు ఎలా పెరిగింది బాబూ?" అంటే మామ్మే ముందు నవ్వింది.

కుర్చీని గోడకి ఆనించి, అందులోంచి లేచి కూర్చోవడం పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు చేయించాం. తర్వాత వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం. ఆ తర్వాత మెట్లు, పక్కన మనిషి ఉండగా: ఎక్కేటప్పుడు గట్టి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఊగుతున్న రెయిలింగ్‌కి వెల్డింగ్ చేయించాడు కొడుకు. బాత్రూం గోడకి లావుపాటి పైపు బిగించాడు. అంతకుముందు ఆవిడ పట్టుకుని లేచేది టవల్ రాడ్‌ని! అది తడి తువ్వాలునే సరిగ్గా ఆపదు, మనిషినేం ఆపుతుంది? ఇప్పుడు మామ్మ కిందికి దిగి దొండకాయలు బేరమాడుతోంది. కొడుకు మాత్రం పైనుంచి చూస్తూ ఇంకా టెన్షన్ పడుతూనే ఉన్నాడు.

ఒక్క మినహాయింపు. పడ్డాక కాలు మోపలేకపోయినా, గజ్జల్లో నొప్పున్నా, పాదం బయటికి తిరిగినా తుంటి ఎముక విరిగిందేమోనని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తైలాలు, నాటు కట్లు అంటూ రోజులు పోగొట్టొద్దు. "ఈ వయసులో ఆపరేషనా?" అంటారు. చాలామందికి అదే దారి, అదీ త్వరగా. ఆలస్యమైన కొద్దీ నిమ్ము చేరుతుంది, వీపున పుండ్లు పడతాయి.

మిగతావి గబగబా. కంటి శుక్లం ముదిరాక తీయించాలన్నది పాతమాట. చూపు ఇబ్బంది పెడుతుంటే ఇప్పుడే తీయించండి, మెట్టు అంచు కనపడాలి కదా. గ్రౌండ్ ఫ్లోర్‌కి మారితే అన్ని బాధలూ తీరతాయా? 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నీళ్ళు ముందు దూరింది ఏ ఇళ్ళలోకో ఈ కాలనీల వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇక పెన్షన్ పుకార్లు. మెట్లు దిగి తిరుగుతుంటే ఎవరో చూసి పెన్షన్ కట్ చేయిస్తారని ఒకాయన వాళ్ళమ్మని గడప దాటనివ్వలేదు. వృద్ధాప్య పెన్షన్ వయసు, ఆదాయం చూసి ఇస్తారు, నడక చూసి కాదు. 2024 జులై నుంచి అది నెలకు 4,000, ఇంటికే తెచ్చిస్తున్నారు. మంచాన పడితే 15,000 వస్తుందట కదా అని ఇంకొకరు. అది పక్షవాతం లాంటి వాటితో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి, మెడికల్ సర్టిఫికెట్ ఉంటేనే. అనుమానముంటే వార్డు సచివాలయంలో అడగండి, వాట్సాప్ గ్రూపులో కాదు.